కాల్చింది ఎవరో వినిపించాలి: సౌండ్ డిజైన్‌లో నా అనుభవం

ఒకరినొకరు వేటాడుకునే ఇద్దరు కిరాయి హంతకుల కథతో తీసిన ఒక చిన్న యాక్షన్ సినిమాకి సౌండ్ చేశాను. షూటింగ్‌లో వాడినవన్నీ డమ్మీ తుపాకులే. కాబట్టి నా చేతికొచ్చిన ఫైట్లలో అరుపులు, పరుగులు తప్ప ఒక్క పేలుడూ లేదు. ట్రిగ్గర్ చప్పుడు, లోపలి మెకానిజం, పేలుడు, ఆ తర్వాత గదిలోనో వీధిలోనో మోగే ప్రతిధ్వని... ప్రతి షాట్‌కీ ఇవన్నీ పొరలుగా పేర్చుకుంటూ రావాలి.

డైరెక్టర్ కోరింది ఒకటే. తెర మీద మనిషి కనిపించకపోయినా కాల్చింది ఎవరో తెలిసిపోవాలి. పెద్దవాడిది సైలెన్సర్ పిస్టల్, కుర్రవాడిది రైఫిల్.

పేచీ సైలెన్సర్ దగ్గర మొదలైంది. సినిమాల్లో అది ‘ఫుట్’ అని ఊదినట్టు ఉంటుంది. మామూలు పిస్టల్ మోత సుమారు 160 డెసిబెల్స్. సైలెన్సర్ తగ్గించేది అందులో ఏ 20 నుంచి 30 వరకో. మిగిలింది కూడా చిన్న చప్పుడేమీ కాదు. అలాగే గట్టిగా పెట్టి వినిపించాను.

“పక్క గదివాళ్లు లేచిపోరా అండీ?” అన్నారు డైరెక్టర్.

లేస్తారనే చెప్పాను. కథ ప్రకారం లేవకూడదట! చివరికి పేలుడు తగ్గించి, స్లైడ్ (పిస్టల్ మీద కదిలే లోహపు భాగం) వెనక్కి వెళ్లి వచ్చే చప్పుడు పెంచాం. ఖాళీ షెల్ కింద పడి గలగలమనే శబ్దం కూడా అడిగారు గానీ పెట్టలేదు. ఆ కారిడార్ నిండా కార్పెట్ ఉంది, దాని మీద ఇత్తడి మోగదు.

నన్ను ఎక్కువగా కూర్చోబెట్టింది మాత్రం రైఫిల్ సీనే. కుర్రవాడు 500 మీటర్ల దూరంలోని మేడ మీంచి కాలుస్తాడు. శబ్దం సెకనుకు దాదాపు 343 మీటర్లు పోతుంది, రైఫిల్ తూటా అంతకు రెట్టింపు దాటిన వేగంతో బయల్దేరుతుంది. తూటా ముప్పావు సెకనులో కిటికీని చేరితే, మోత చేరడానికి ఒకటిన్నర సెకను కావాలి. అంటే గదిలో ఉన్నవాడికి ముందు అద్దం పగలడం, దాంతోపాటే శబ్దాన్ని మించిన వేగంతో వచ్చే తూటా చేసే, కొరడా ఝళిపించినట్టు ఒక చురుకైన శబ్దం. తుపాకీ మోత తర్వాతెప్పుడో, సెకనుకు 24 ఫ్రేముల లెక్కన సుమారు 17 ఫ్రేములు ఆగి వస్తుంది.

“బొమ్మకీ శబ్దానికీ సింక్ పోయిందనుకుంటారు” అన్నారు ఎడిటర్. ఆ భయంలో న్యాయముంది. కానీ ఇంత పాత హంతకుడికి ఆ ఎడం ఏం చెబుతుందో ఆలోచించమన్నాను. ఎదుటివాడు ఎంత దూరంలో ఉన్నాడో చెబుతుంది! డైరెక్టర్ ముఖం వెలిగింది. పక్కన పడేసిన ఒక టేక్‌లో పెద్దవాడు నేలకు అతుక్కుని కదలకుండా చూస్తూ ఉంటాడు. దాన్ని తెచ్చి అక్కడ అతికించారు. మోత వినగానే “ఐదొందల మీటర్లు” అని గొణిగే మాటను డబ్బింగ్‌లో చేర్చారు.

ఇంతా చేస్తే, ఆర్ఆర్ (నేపథ్య సంగీతం) వచ్చాక సరిగ్గా ఆ ఖాళీలోనే డ్రమ్స్ మోగుతున్నాయి. మ్యూజిక్ డైరెక్టర్‌తో ఇలాంటివి మాట్లాడాలంటే నాకు టెన్షన్. ఆయన సీన్ చూసి, అద్దం పగలగానే సంగీతం మొత్తం ఆపేశారు. నేను డ్రమ్స్ తగ్గిస్తే చాలనుకున్నాను, ఆయన చేసిందే బాగుంది.

అడుగుల చప్పుళ్లు, బట్టల రాపిడి ఫోలీలో, అంటే బొమ్మ చూస్తూ స్టూడియోలో ఆ చప్పుళ్లు చేసి రికార్డు చేసే పనిలో, పేచీ లేకుండా అయిపోయాయి. ఫైనల్ మిక్సింగ్‌లో సైలెన్సర్‌ని ఇంకో మూడు డెసిబెల్స్ పెంచమని మళ్లీ అడిగాను. ఒకటి పెంచారు.