ఉద్దానంలో పాత పెంకుటిల్లు, పెరటి తోట: కొనుగోలులో నా అనుభవం

వీధి అరుగు మీద నిలబడి చూస్తే ఇల్లు, నుయ్యి, తోట అన్నీ ఒకే ఆస్తి. కాగితాల్లో అవి ఒకటి కావు. శ్రీకాకుళం జిల్లా తీరప్రాంతమైన ఉద్దానంలో పాత ఇల్లు కొనాలని ఆశపడేవారికి నేను మొదట చెప్పే మాట ఇదే. మేము కొన్న ఇల్లు గ్రామకంఠంలో, అంటే ఊరి నివాస స్థలంలో ఉంది, దాని వెనుక తోట జిరాయితీ భూమిలో, అంటే సొంత పట్టా భూమిలో ఉంది. తోటకు సర్వే నంబరు, పట్టాదారు పాసుపుస్తకం ఉన్నాయి. ఇంటికి ఉన్నవి పంచాయతీ ఇంటి పన్ను రసీదులు, కరెంటు బిల్లులు, అమ్మినవారి తాతగారు పెట్టెలో దాచిన ఒక దస్తావేజు. ఈ రెండూ ఒకేసారి, ఏ పేచీ లేకుండా మా పేరు మీదికి రావాలన్నదే మా తాపత్రయమంతా.

మాది విజయనగరం. మా అమ్మ పుట్టినిల్లు సోంపేట వైపు కావడంతో కొబ్బరి తోటల మధ్య ఉండాలనే కోరిక నాకు చిన్నప్పటి నుంచీ ఉంది. మావారు ఉద్యోగ విరమణ చేశాక అది ఇద్దరి కోరికా అయింది. కవిటి మండలంలో తమ అత్తవారి ఇల్లు అమ్మకానికి ఉందని మా వీధిలోని ఒకావిడ చెప్పారు. ఆమె భర్త పోయారు, కొడుకు హైదరాబాదులో ఉద్యోగం చేస్తున్నాడు. పెద్ద బావగారు అండమాన్‌లో, ఆడపడుచు ఖరగ్‌పూర్‌లో స్థిరపడ్డారు. శ్రీకాకుళం జిల్లా నుంచి పోర్ట్‌బ్లెయిర్‌కూ, ఖరగ్‌పూర్‌కూ వెళ్లి ఉండిపోయిన కుటుంబాలు ఎన్నో. అందుకే తాళం పడిన ఇళ్లు ఆ వీధిలోనే ఇంకా కనిపిస్తాయి.

ఇల్లు చూడగానే నచ్చింది. వీధి పొడవునా ఇళ్లన్నీ గోడకు గోడ కలిపి కట్టినవి. ముందు వైపు వెడల్పు తక్కువ, లోపలికి పొడవు ఎక్కువ. అరుగు దాటితే చావిడి, ఆ వెనుక నడవ, ఒక పక్కన గదులు, చివర వంటిల్లు. వంటింటి తలుపు తీస్తే పెరడు, రాతికట్టు నుయ్యి. ఆ వెనుక 18 సెంట్ల తోటలో కొబ్బరి, పనస, జీడిమామిడి, మునగ. నా మట్టుకు నాకు తోట లేకపోతే ఆ ఇల్లు సగమే.

నచ్చిందని బయానా ఇవ్వలేదు. ముందు ఆ ఊరి పక్కనే ఉండే వడ్రంగిని వెంటబెట్టుకుని వెళ్లాం. ఆయన నిచ్చెన వేసుకుని దూలాలు, వాసాలు ఒక్కొక్కటిగా సుత్తితో తట్టి చూశారు. చావిడి మీది తాటి దూలాలు గట్టిగా ఉన్నాయి, వంటింటి వైపు వాసాలు మాత్రం చెద పట్టి గుల్లబారాయి. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటినప్పుడు ఈ ఇంటి పెంకులు చాలా వరకు లేచిపోయాయట. వెనుక భాగానికి అప్పుడు వేసిన రేకులే ఇప్పటికీ ఉన్నాయి. "పెంకు మళ్లీ వేయించుకోవచ్చమ్మా, గోడ తడిసి ఉబ్బిందేమో అది చూడండి" అన్నారాయన. మట్టి గోడల అడుగుభాగంలో సున్నం ఎక్కడెక్కడ రాలిపోయిందో వేలు పెట్టి చూపించారు. ధర మాట్లాడేటప్పుడు మాకు ఆసరా అయింది ఆ పరిశీలనే.

తోటలోనూ తిత్లీ గుర్తులు ఉన్నాయి. పాత కొబ్బరి చెట్లలో మిగిలినవి కొన్నే, తక్కినవన్నీ తుపాను తరవాత నాటిన మొక్కలు. నాటు రకం కొబ్బరి కాపు పట్టడానికి ఆరేడేళ్లు పడుతుంది కనుక అవి ఇప్పుడిప్పుడే గెలలు వేస్తున్నాయి. కొబ్బరి దింపును ఎవరికైనా గుత్తకు ఇచ్చారా అని అడగడం మరిచిపోకూడదు. అమ్మేవారు దూరాన ఉంటే చెట్ల ఫలసాయం మీద ఊళ్లో ఎవరికో ఒక మాట ఇచ్చి ఉంటారు. ఇక్కడా ఇచ్చారు. గడువు తీరేదాకా ఆగుతామని మేము రాసిచ్చాం.

నుయ్యి గురించి నాకు భయం ఉండేది. ఉద్దానం కిడ్నీ జబ్బుల సంగతి తెలియనివారు ఈ జిల్లాలో లేరు. ఎన్నో ఏళ్లుగా పరిశోధనలు జరుగుతున్నా దానికి కారణం ఇదీ అని ఇంకా తేలలేదు. హిరమండలం జలాశయం నుంచి వంశధార నీటిని ఉద్దానం ఊళ్లకు గొట్టాల ద్వారా తెచ్చే పథకం 2023 డిసెంబరులో ప్రారంభమైంది. ఇంటికి కుళాయి ఉందో లేదో, నీళ్లు ఏ వేళకు వస్తాయో పక్కింటివారినే అడిగి తెలుసుకున్నాం. నూతి నీటిని పరీక్షకు పంపాం కానీ, ఫలితం ఎలా వచ్చినా తాగడానికి కుళాయి నీరే, చెట్లకు నూతి నీరు అని ముందే అనుకున్నాం.

ఇక కాగితాలు. తాతగారి దస్తావేజు 1947 నాటిది. అందులో సోంపేట తాలూకా విశాఖపట్నం జిల్లా అని ఉంది. మా వారికి అనుమానం వచ్చింది. మా లాయరుగారు చదివి, అది సరైనదేనన్నారు. 1936 ఏప్రిల్ 1న ఒడిశా రాష్ట్రం ఏర్పడినప్పుడు గంజాం జిల్లాలోని ఈ ప్రాంతం విశాఖపట్నం జిల్లాలో కలిసింది. శ్రీకాకుళం జిల్లా పుట్టింది 1950 ఆగస్టు 15న. ఈ తేదీలు తెలియకపోతే పాత రికార్డును ఏ జిల్లా పేరుతో వెతకాలో కూడా తెలియదు. ఆస్తి మీద జరిగిన లావాదేవీలు, తాకట్లు చూపే ఈసీ కంప్యూటర్‌లో దొరికేది 1983 నుంచే. అంతకు ముందరి లావాదేవీల కోసం పాత పుస్తకాలు తీయించి చూడాలి. అందుకు కాలం పట్టింది కానీ, ఇంటిని ఎవరికీ తాకట్టు పెట్టలేదని ఖాయంగా తెలిసింది.

తోట 1బీ, అంటే భూమి ఎవరిదో చూపే రెవెన్యూ రికార్డు, ఇంకా ఆ ముగ్గురు తోబుట్టువుల తండ్రిగారి పేరు మీదే ఉంది. ఆయన పోయి చాలా ఏళ్లయింది. మరణ ధ్రువీకరణ పత్రం, తహసీల్దారు కార్యాలయం ఇచ్చే కుటుంబ సభ్యుల ధ్రువీకరణ పత్రం పెట్టి, ముందు వారసుల పేర్లకు మార్పించమన్నాం. ఇక్కడే అసలు చిక్కు వచ్చింది.

బావగారూ, మా వీధి ఆవిడా ఇద్దరూ "ఆడపిల్లకు పెళ్లప్పుడే ఇచ్చేశాం, ఆమె సంతకం అక్కరలేదు" అన్నారు. వాళ్ల మాటలో మోసం లేదు, ఆ ఊళ్లో పదిమందీ అలాగే అనుకుంటారు. కానీ చట్టం అలా అనదు. ఉమ్మడి ఆస్తిలో కూతుళ్లకు కొడుకులతో సమాన హక్కు ఇస్తూ ఆంధ్రప్రదేశ్ 1986లోనే హిందూ వారసత్వ చట్టాన్ని సవరించింది, అయితే అప్పటికే పెళ్లయిన వారికి అది వర్తించలేదు. 2005లో కేంద్రం చేసిన సవరణ ఆ తేడాను తీసేసింది. ఆ హక్కు పుట్టుకతో వచ్చేదని, తండ్రి 2005 నాటికి బతికి ఉండాలన్న నియమం లేదని 2020 ఆగస్టులో సుప్రీంకోర్టు తేల్చింది. పెళ్లిలో పెట్టిన బంగారానికీ, వారసత్వపు వాటాకూ లంకె లేదు. చెల్లెలి సంతకం లేకుండా కొంటే రేపు ఆమె గానీ, ఆమె పిల్లలు గానీ కోర్టుకు వెళ్తే మా దగ్గర సమాధానం ఉండదు.

చట్టం సంగతి అలా ఉంచితే, ఆమెను పక్కన పెట్టి ఆ ఇంట్లో కాపురం పెట్టడానికి నాకు మనసు ఒప్పలేదు. ఆమె పుట్టిన ఇల్లు అది. నేనే ఫోను చేశాను. "అన్నయ్యవాళ్లు ఇల్లు అమ్ముతున్నారని నాకు ఎవరూ చెప్పలేదండీ" అన్నారామె. కాసేపటికి తేరుకుని, "ఎవరు కొంటున్నారు, పడగొడతారా?" అని అడిగారు. పడగొట్టం, అందులోనే ఉంటాం అని చెప్పాను. వాటా సొమ్ము నేరుగా ఆమె ఖాతాలోనే పడాలని మేము షరతు పెట్టాం. అన్నగారు కొన్నాళ్లు ఫోను తీయలేదు. ఆ కొన్నాళ్లూ బేరం పోతుందనే అనుకున్నాం. పోయినా సరే, ఆ షరతు సడలించకూడదని నేను పట్టుబట్టాను. చివరికి ఆయనే చెల్లెలికి ఫోను చేసి మాట్లాడుకున్నారట, ఏం మాట్లాడుకున్నారో మేము అడగలేదు.

ఆయన పోర్ట్‌బ్లెయిర్ నుంచి మొదట నోటరీ చేయించిన పవరు (తన తరఫున సంతకం చేసే అధికారం ఇచ్చే పత్రం) పంపారు. రిజిస్ట్రేషన్‌కు అది చాలదన్నారు లాయరుగారు. దస్తావేజు దాఖలు చేసే అధికారం ఇచ్చేటప్పుడు, మనిషి ఎక్కడ నివసిస్తున్నారో అక్కడి సబ్‌రిజిస్ట్రారు ముందు ఆ పవరును ధ్రువీకరించుకోవాలని రిజిస్ట్రేషన్ చట్టం 33వ సెక్షను చెబుతుంది. ఆ తతంగం కంటే తానే వస్తానన్నారు పెద్దాయన. ఓడలో విశాఖపట్నం దిగి, రైలెక్కి వచ్చారు.

ఆయన రావడమే మాకు మేలు చేసింది. ఏ కాగితంలోనూ లేని విషయాలు ఆయన నోట విన్నాం. తోట చివర ఉన్న కంచె తమ హద్దు కాదని, గెడ్డ వైపు జరిపి వేసుకున్నదని ఆయనే చెప్పారు. సర్వేయరుతో కొలిపిస్తే ఆ మాట నిజమైంది. ఆ పట్టీ పొలంపటంలో గెడ్డ పోరంబోకు, అంటే వాగుకు చెందిన ప్రభుత్వ భూమి. ప్రభుత్వ భూమి రిజిస్ట్రేషన్ నిషేధిత జాబితాలో ఉంటుంది, దాన్ని కలిపి రాస్తే దస్తావేజు మొత్తం ఆగిపోయేది. ఆ పట్టీని వదిలేసి, కొలతకు వచ్చిన దాన్నే రాయించుకున్నాం. పనస చెట్టు హద్దు మీద ఉంది, దాని కాయలు పక్కింటివారితో ఏడాదికి ఒకరు చొప్పున పంచుకునే ఆనవాయితీ అట. ఆ పక్కింటి పెద్దావిడను పిలిచి కూర్చోబెట్టి, ఆనవాయితీ అలాగే సాగుతుందని అందరి ముందూ ఒప్పుకుని ఒక కాగితం మీద రాసుకున్నాం. ఉద్దానం పనసకు కోల్‌కతా దాకా గిరాకీ ఉంది. ఒక్క చెట్టే కదా అని తేలిగ్గా వదిలేసే విషయం కాదది.

ఉమ్మడి గోడ సంగతి అన్నిటికంటే ముఖ్యం. వరుస ఇళ్లలో మన దూలం ఒక కొన పక్కవారి గోడ మీదే కూర్చుంటుంది. వాన నీరు ఎవరి చూరు నుంచి ఎవరి వైపు పడాలో కూడా తాతల నాటి ఒప్పందమే. అమ్మకపు దస్తావేజులో ఉమ్మడి గోడ హక్కు, చూరు నీటి హక్కు, పెరటి నుంచి తోటకు పోయే నడక దారి, నుయ్యి, చెట్టుచేమలు అన్నీ విడివిడిగా పేర్కొనాలని పట్టుబట్టాను. రాసే ఆయన "సకల హక్కులతో అని ఒక్క ముక్క రాస్తే చాలమ్మా" అన్నారు. చాలదు. రేపు పక్కింటి కొడుకు పాత ఇల్లు తీసేసి స్లాబు వేస్తానంటే, మన దూలానికి ఆధారం ఎక్కడ అన్న ప్రశ్న వస్తుంది.

గ్రామకంఠం ఇంటికి బ్యాంకు రుణం దొరకలేదు, దాచుకున్న డబ్బే పెట్టాం. స్థిరాస్తి అమ్మకంలో 20,000 రూపాయలు, ఆపైన సొమ్మును నగదుగా తీసుకోకూడదని ఆదాయపు పన్ను చట్టం చెబుతుంది. బయానా నుంచి చివరి పైసా దాకా ఎవరి వాటా వారి ఖాతాకే పంపాం. స్టాంపు సుంకం 5 శాతం, బదిలీ సుంకం 1.5 శాతం, రిజిస్ట్రేషన్ రుసుము 1 శాతం, మొత్తం 7.5 శాతం. ఇది మనం రాసుకున్న ధరకూ, ప్రభుత్వం కట్టిన విలువకూ మధ్య ఏది ఎక్కువైతే దాని మీద. పాత ఇంటికి బాగుచేత ఖర్చు ఎలాగూ ఉంటుంది, ఈ మొత్తాన్ని మొదటి నుంచే పక్కన పెట్టుకోవడం మంచిది.

రిజిస్ట్రేషన్ రోజు గురించి చెప్పడానికి పెద్దగా ఏమీ లేదు. ఫొటోలు, వేలిముద్రలు, సంతకాలు, సాక్షులు. ముగ్గురు వారసుల తరఫువాళ్లూ వచ్చారు. ఖరగ్‌పూర్ నుంచి వచ్చిన ఆడపడుచు అన్నగారి పక్కనే కూర్చుని సంతకం చేశారు.

తరవాతి పని చాలామంది వాయిదా వేస్తారు, వేయకూడదు. పంచాయతీలో ఇంటి పన్ను పేరు మార్పు, కరెంటు మీటరు పేరు మార్పు, తోటకు 1బీలో మా పేరు. మొదటి రెండూ పూర్తయ్యాయి. మూడోది దరఖాస్తులో ఉంది, ఈ నెలాఖరుకు వస్తుందన్నారు. అక్టోబరు తుపాన్లకు ముందే వంటింటి రేకులు తీయించి పెంకు వేయించాలని వడ్రంగికి తాటి వాసాలు చెప్పాం. పెంకు దొరకడమే కష్టంగా ఉంది, మందస వైపు ఎవరో పాత ఇల్లు దించుతున్నారని తెలిసి మావారు రేపు చూడటానికి వెళ్తున్నారు.