నాన్న బొటనవేలు

నాన్నకి పార్కిన్సన్స్, కదలికలు మందగించి కాళ్లూ చేతులూ మాట వినని జబ్బు. దానికి తల మీద కాయిల్ ఆనించి అయస్కాంతంతో మెదడును తట్టే టీఎంఎస్ అనే చికిత్స చేయిస్తున్నాం. ఇవాళ ఏడో సిట్టింగ్. నాన్న పొద్దున్నే పెసరట్టు అడిగారు. పప్పుల్లోని ప్రొటీన్ ఆ జబ్బుకి వేసుకునే సిన్డోపా మాత్రను సరిగా ఒంటబట్టనివ్వదు కదా, సాయంత్రం వేస్తానన్నాను. మూతి ముడిచి బొప్పాయి తిన్నారు.

ఆసుపత్రి లిఫ్టు ముందు కాళ్లు నేలకు అతుక్కుపోయాయి. వెనక జనం. "ఈ టైల్ గీత దాటండి నాన్నా" అన్నాను. ఇట్టే దాటేశారు. చదును నేల మీద కదలని మనిషి గీత కనిపిస్తే ఎలా అడుగేస్తాడో, ఎన్నిసార్లు చూసినా నాకు వింతే.

లోపల ఎనిమిది అంకెలాంటి కాయిల్. నాన్న మాత్రం 'తీగచుట్ట' అనే అంటారు, ముప్పయ్యేళ్లు ఫిజిక్స్ చెప్పారు మరి. చెవుల్లో ప్లగ్గులు పెట్టుకుని, ఆ టకటకల మధ్యే టెక్నీషియన్ అమ్మాయికి పాఠం: "1831లో ఫారడే చెప్పిందే ఇది. మారే అయస్కాంత క్షేత్రం కరెంటు పుట్టిస్తుంది. 1985లో ఇంగ్లండ్‌లోని షెఫీల్డ్‌లో బార్కర్ వాళ్లు తీగ బదులు మెదడు పెట్టారు, అంతే!"

మొదటిరోజు పవరెంత పెట్టాలో తేల్చడానికి, తలకి ఎడమవైపు కాయిల్ ఆనించి కుడి బొటనవేలు చూశారు. టక్‌మనగానే వేలు ఎగిరింది. "నేను కదలమంటే కదలదు, ఆగమంటే ఆగదు. ఇప్పుడు దీనికి ఇంకో యజమాని" అన్నారు. అందరూ నవ్వారు. నాకు నవ్వు రాలేదు.

డాక్టరుగారు ఏదీ దాచలేదు. అమెరికాలో 2008లో దీనికి అనుమతి వచ్చింది డిప్రెషన్‌కి. పార్కిన్సన్స్‌కి ఇంకా పరిశోధనే. కదలికకి కావలసిన డోపమిన్‌ని మెదడులో తయారుచేసే కణాలు చచ్చిపోతే తిరిగిరావు, కదలిక కొంత తేలికపడొచ్చు, అదీ కొన్నాళ్లే ఉండొచ్చు, మాత్రలు మాత్రం మానకూడదు. అయినా ఒప్పుకున్నాం. ఎందుకంటే ఏం చెప్పను, ఊరికే కూర్చోలేక.

ఎదురింటి పిన్నిగారు, "ఇంత ఖర్చెందుకమ్మా, అయస్కాంతం పరుపు కొనకపోయారా" అంది. నాన్న వదుల్తారా? "కదలని అయస్కాంతం పక్కన కదలకుండా పడుకుంటే కరెంటు ఎక్కణ్ణుంచి పుడుతుందమ్మా?"

సాయంత్రం పెసరట్టయ్యాక పాల లెక్క రాయమని పుస్తకం ఇచ్చాను. మొదటి అక్షరాలు గుండ్రంగా, నిండుగా ఉన్నాయి. అయిదో అక్షరం నుంచి చీమలే. పోయిన వారం పేజీ తిప్పి చూశాను. అప్పుడు నాలుగో అక్షరం నుంచేమో అనిపించింది. కళ్లజోడు తుడుచుకుని మళ్లీ లెక్కపెట్టాను. ఏమో.

రేపు తొమ్మిదిన్నరకి ఎనిమిదోది. ఆటో చెప్పాలి.