దవడ సర్జరీకి ముందు పళ్లు ఇంకా ఎందుకు చెడతాయి?

నాకు కింది దవడ బాగా ముందుకు ఉండేది. నోరు మూస్తే కింది పళ్లే పైకి కనిపించేవి. జామకాయ ముందు పళ్లతో కొరకడం నాకు తెలియదు, ఏదైనా పక్క పళ్లతోనే. "మొహం బాగుండాలని చేయించుకుంటోంది" అన్నారు చుట్టాలు. సరిగ్గా నమిలి తినాలన్నది నా బాధ.

ఎదుగుదల ఆగాక క్లిప్పులు పళ్లనే కదుపుతాయి, దవడను కాదు. అందుకే నాకు క్లిప్పులూ, దవడ సర్జరీ రెండూ కావాలన్నారు. క్లిప్పులు వేసిన కొన్ని నెలలకు కింది పళ్లు ఇంకా ముందుకొచ్చాయి. అమ్మ భయపడిపోయింది. "ఇంత డబ్బు పోసి ఉన్నది కూడా చెడగొట్టుకుంటున్నావేమే?" అంది.

డాక్టర్ గారు నా పళ్ల అచ్చులు తెచ్చి చూపించారు. మొదట్లో తీసిన అచ్చుల్లో కింది దవడను వెనక్కి జరిపితే ముందు పళ్లు ఢీకొట్టుకుని అక్కడే ఆగిపోయింది. కొత్త అచ్చుల్లో మాత్రం రెండు వరసలూ చక్కగా కూర్చున్నాయి. దవడల తేడాను కప్పిపుచ్చడానికి ఇన్నేళ్లూ కింది పళ్లు లోపలికి, పై పళ్లు బయటికి వాలి ఉన్నాయట. వాటిని నిటారుగా నిలబెడితేనే సర్జరీలో దవడను కావలసినంత జరపగలరు. ఈ దశకే చాలామందికి ఏడాది, ఏడాదిన్నర పడుతుంది. దయచేసి ఇక్కడ భయపడి మానేయకండి.

సర్జరీ వద్దనుకుంటే క్లిప్పులతో పళ్లను సరిగ్గా దీనికి ఎదురు దిశలో వాలుస్తారు. కాబట్టి క్లిప్పులు వేయకముందే ఆర్థోడాంటిస్టూ (క్లిప్పులు వేసే డాక్టర్), దవడ సర్జనూ కలిసి ప్లాన్ చెప్పాలి. మధ్యలో మనసు మార్చుకుంటే నెలల పని వెనక్కి తిప్పాల్సి వస్తుంది.

నాకు పై దవడ ముందుకు, కింది దవడ వెనక్కి జరిపారు. కోతలన్నీ నోటి లోపలే, ఎముకకు టైటానియం ప్లేట్లు, స్క్రూలు. వాపు, పై కింది పళ్లను కలిపి పట్టి ఉంచే రబ్బర్లు, సిరంజితో జావ, పప్పుకట్టు, మజ్జిగ. అవన్నీ గడిచిపోయాయి. ఆ తర్వాత కూడా కొన్ని నెలలు క్లిప్పులు ఉన్నాయి, ఇప్పుడు పళ్లు మళ్లీ కదలకుండా రాత్రిళ్లు రిటైనర్ పెట్టుకుంటున్నాను.

తిమ్మిరి గురించి మాత్రం ముందే గట్టిగా అడగండి. పెదవికి స్పర్శనిచ్చే నరం కింది దవడ లోపలి నుంచే వెళ్తుంది. మొదట్లో మజ్జిగ గడ్డం మీదికి కారినా నాకు తెలిసేది కాదు. చాలావరకు స్పర్శ తిరిగొచ్చింది కానీ, గడ్డం కుడివైపు కొంచెం మేర ఇంకా మొద్దుగానే ఉంది. కొందరికి అది అలాగే ఉండిపోవచ్చని సర్జన్ ముందే చెప్పారు. తెలిసే ఒప్పుకున్నాను కాబట్టి నాకు దాని మీద దిగులు లేదు.