నెగటివ్‌లు పట్టుకుని నిర్మల్ అడవుల్లోకి

నిర్మల్ నుంచి నేరడిగొండ దాకా మోదుగ పూతకాలంలో తీసిన పాత ఫోటోలను వెంటబెట్టుకుని, అవే చోట్లు వెతుక్కుంటూ వెళ్లాం. ఇలాంటి ప్రయాణానికి సగం పని ఇంట్లోనే ఉంటుంది. జిగురు పేజీల ఆల్బమ్ అయితే ఏళ్లు గడిచేకొద్దీ ఆ జిగురు ప్రింటు వీపును పట్టేస్తుంది, గోటితో లాగితే మూల చిరుగుతుంది. సన్నటి నైలాన్ దారాన్ని మూల కిందకు దూర్చి, అటూ ఇటూ ఆడిస్తూ మెల్లగా జరపాలి. అప్పటికీ ఊడని వాటిని పేజీతో సహా స్కాన్ చేశాం. 4×6 అంగుళాల ప్రింటుకు 600 డీపీఐ (అంగుళానికి 600 చుక్కలు) పెడితే 2400×3600 పిక్సెళ్లు వస్తాయి. అంతకు మించి పెంచితే ఫైలు బరువే తప్ప కొత్తగా కనిపించేది ఉండదు.

ప్రింట్లు నలుగురి చేతుల్లో తిరిగి వరస తప్పుతాయి. ఫిల్మ్ నెగటివ్ అంచున ఉండే 11, 11ఎ, 12 లాంటి ఫ్రేము అంకెలు చెరగవు కాబట్టి దారి క్రమాన్ని వాటిని చూసే రాసుకున్నాం: ముందు మహబూబ్ ఘాట్ రోడ్డు, ఆ తర్వాత నేరడిగొండ, చివర కుంటాల జలపాతం.

ఫోటో వెనక ‘ఉగాది’ అని రాసి ఉంటే దాన్ని పట్టుకుని బయల్దేరకూడదు. 2023లో ఉగాది మార్చి 22న వస్తే, 2024లో ఏప్రిల్ 9న వచ్చింది. మోదుగకు పంచాంగంతో పనిలేదు. ఆకు రాలి, మోడు కొమ్మల నిండా పూలుంటే అది ఫిబ్రవరి, మార్చి నెలల ఫోటో. పూలు పోయి లేత ఆకు వేసిందంటే ఏప్రిల్ దగ్గరకు వచ్చినట్టే. పక్కన టేకు గుబురుగా, తెల్లటి పూతతో కనిపిస్తే అది వానాకాలపు ఫోటో, ఆల్బమ్‌లో ఎక్కడ అతికించినా సరే.

రంగును మాత్రం నమ్మొద్దు. పాత కలర్ ప్రింట్లలో చీకట్లో దాచినా నీలి ఛాయ ముందు తగ్గిపోయి, మొత్తం ఎర్రబారుతుంది. అడవంతా పూసినట్టు కనిపించిన ఒక ప్రింటును నెగటివ్‌తో పోల్చి చూస్తే, అందులో పూసిన చెట్లు రెండే.

చోటు దొరకడం ఒక ఎత్తు, సరిగ్గా అదే కోణంలో నిలబడడం ఇంకో ఎత్తు. రోడ్డు పక్క మైలురాళ్ల మీద ఆధారపడలేం. జాతీయ రహదారి 7 ఇప్పుడు 44 అయింది, నాలుగు వరసలైంది. గుట్టల అంచు మాత్రం మారదు. ఫోటోలో దూరంగా ఉన్న గుట్ట కొసను, దగ్గరగా ఉన్న బండనో కల్వర్టునో జతగా ఎంచుకోవాలి. ఇప్పుడు చూస్తే బండ, గుట్ట కొసతో పోలిస్తే, ఫోటోలో ఉన్నదానికంటే ఎడమకు జరిగి కనిపిస్తోందా? మీరూ ఎడమకే నడవండి. కుడికి కనిపిస్తే కుడికి. చాలామంది దీనికి వ్యతిరేక దిక్కుకు వెళ్లి తిప్పలు పడతారు. ఆనాటి చిన్న ఫిల్మ్ కెమెరాల్లో 35-38 ఎంఎం లెన్సులు ఎక్కువ. ఫోను మామూలు కెమెరా 24-26 ఎంఎం దగ్గర ఉంటుంది కనుక 1.5 రెట్లు జూమ్ చేసి, ఫ్రేమును ఫిల్మ్ ఫోటోల 3:2 నిష్పత్తికి కత్తిరిస్తే లెక్క కుదురుతుంది. జూమ్ సరిచేయకుండా ముందుకు నడిస్తే బండ పెద్దదవుతుంది, గుట్ట అలాగే ఉంటుంది.

వేళను నీడ చెబుతుంది. మార్చి మూడో వారంలో ఆ ప్రాంతంలో మనిషి నీడ మనిషంత పొడుగు ఉండేది ఉదయం 9.40కి, మళ్లీ మధ్యాహ్నం 3.10కి. నీడ పడమటి వైపు పడితే ఉదయం. మిట్టమధ్యాహ్నం, అంటే 12.20 ప్రాంతంలో, నీడ మనిషి ఎత్తులో మూడో వంతే.

కుంటాలలో ఈ పోలిక అంత పండదు. మార్చిలో కడెం వాగు సన్నబడి రాళ్లు బయటపడతాయి. జలపాతం నిండుగా ఉన్న ఫోటోలు వానల తర్వాతవి, వాటిని ఈ ప్రయాణంలో పక్కన పెట్టేయాలి. నీటిమట్టం బదులు రాతి పగుళ్లను చూసి నిలబడే చోటు పట్టుకోవచ్చు. పాచి పట్టిన రాయి ఎండాకాలంలోనూ జారుతుంది, ఫోను తెర చూస్తూ వెనక్కి నడవకండి.

వెళ్లేవాళ్లు ఉదయం ఏడు నుంచి పది లోపు గుట్టల ఫోటోలు ముగించుకోవాలి. ఇప్పపూలు ఏరేందుకు చెట్ల కింద ఆకులు తగలబెట్టే రోజులు అవి. పొద్దెక్కితే పొగ, ఎండ కలిసి గుట్టల అంచును కప్పేస్తాయి. అంచు కనబడకపోతే కోణం కుదరదు.