కోహిమా నుంచి తకదాకు ఒక జెండా

ఆగస్టు రెండో వారంలో టోక్యో నుంచి బయటికి వెళ్లే రైలు జోలికి పోకూడదని ఇక్కడున్న మనవాళ్లందరికీ తెలుసు. ఒబోన్ కదా, సగం నగరం సొంతూళ్ల దారి పడుతుంది. హోకురికు షింకన్‌సెన్ అనే బుల్లెట్ రైల్లో జోఎత్సుమ్యోకో స్టేషన్ దాకా టికెట్టు తొమ్మిది వేల యెన్ల పైచిలుకు. రానూపోనూ లెక్కేస్తే మన డబ్బుల్లో పది వేలు దాటింది, రెండు గంటల ప్రయాణానికి! కానీ ఆ ఇంటివాళ్లు ఆ వారమే రమ్మన్నారు. పోయిన పెద్దలు ఇంటికి వచ్చే రోజులవి, అప్పుడే తెచ్చిస్తే బాగుంటుందన్నారు. ఆ మాట విన్నాక ఖర్చు గురించి ఏం మాట్లాడతాం.

మేం పట్టుకెళ్తున్నది ఒక జెండా. మా ఆఫీసులో పనిచేసే ఇంగ్లండ్ మిత్రుడి తాతగారు 1944లో ఇప్పటి మన నాగాలాండ్‌లోని కోహిమాలో జపాన్ సైన్యంతో పోరాడిన బ్రిటిష్ సెకండ్ డివిజన్ సిపాయి. ఆయన పోయాక సామాన్లు సర్దుతుంటే బిస్కెట్ల డబ్బాలో మడతపెట్టిన పట్టుగుడ్డ ఒకటి దొరికింది. మధ్యలో ఎర్రని సూర్యబింబం, చుట్టూ నల్ల సిరాతో పేర్లు. జపాన్‌లో యుద్ధానికి వెళ్లే కుర్రాడికి ఇంటివాళ్లూ ఇరుగుపొరుగూ సంతకాలు చేసి ఇచ్చిన ఇలాంటి జెండాలను యోసెగాకి హినోమారు అంటారు. సిపాయిలు వాటిని ఒంటిమీదే దాచుకునేవారు. చనిపోయినవాళ్ల దగ్గర్నుంచి అవతలి సైనికులు గుర్తుగా తీసుకుపోయారు. ఇప్పటికీ ఆన్‌లైన్ వేలంలో వాటిని వందల డాలర్లకు అమ్ముతున్నారు. అంతమంది పేర్లున్న గుడ్డకు రేటు కట్టడం చూస్తే నాకు ఒళ్లు మండిపోతుంది.

మా మిత్రుడు అమ్మలేదు. అమెరికాలో ఒరెగాన్ రాష్ట్రం ఆస్టోరియాలో ఓబన్ సొసైటీ అని ఒక సంస్థ ఉంది. రెక్స్, కెయికో జియాక్ అనే దంపతులు నడుపుతారు. కెయికో గారి తాతగారు బర్మాలో యుద్ధంలో పోయారు. ఆయన జెండా దశాబ్దాల తర్వాత ఇంటికి చేరింది, ఆ అనుభవంతోనే వాళ్లు ఈ పని మొదలుపెట్టారు. జెండా ఫొటోలు పంపితే పేర్లు చదివించి, కుటుంబం ఎక్కడుందో వెతుకుతారు. కుటుంబాల దగ్గర పైసా తీసుకోరు. చాలాకాలం ఎదురుచూశాక నీగతా రాష్ట్రంలోని తకదా నుంచి కబురొచ్చింది.

రైల్లో ఆ పొట్లాన్ని అతను ఒళ్లోంచి దించలేదు. అతని టెన్షనంతా జెండా అంచున ఉన్న గోధుమరంగు మరక గురించే. డబ్బా తుప్పా, రక్తమా అని అడిగితే ఏం చెప్పాలి? నా ఆలోచన మా నాయనమ్మ మీదికి పోయింది. మాది విశాఖ. 1942 ఏప్రిల్ 6న జపాన్ విమానాలు విశాఖ మీదా కాకినాడ మీదా బాంబులేశాయి. పిల్లల్ని బండెక్కించుకుని విజయనగరం వైపు పారిపోయిన సంగతి ఆవిడ చచ్చేదాకా చెప్పేది. 'జపానోడు' అనే మాట ఆవిడ నోట తిట్టులాగే వచ్చేది. నేను ఆ జపానోడి ఇంటికి దుబాసీగా వెళ్తున్నాను.

స్టేషన్‌కు కారు తెచ్చినాయన ఆ సిపాయికి మేనల్లుడు, డెబ్బై దాటినవాడు. దారి పొడవునా వరిచేలు. ఇంట్లో ఎదురుచూస్తున్నది ఆయన తల్లి, అంటే సిపాయి చెల్లెలు. తొంభై దాటాయి, నడుం వంగింది, చూపు మాత్రం చురుగ్గా ఉంది.

మా మిత్రుడు క్షమాపణ రాసుకొచ్చాడు. రెండు వాక్యాలు చదివాడో లేదో పెద్దావిడ ఆపింది. "మీ తాతగారు క్షేమంగా ఇల్లు చేరారా?" అని అడిగింది. చేరారని చెప్పాను. "అయితే మంచిది" అంది. మరక సంగతి ఎవరూ అడగలేదు.

జెండా చాప మీద పరిచాక ఆవిడ అన్నపేరు దగ్గర ఆగలేదు. భూతద్దం పెట్టి చుట్టూ ఉన్న పేర్లు ఒక్కొక్కటీ పైకి చదవడం మొదలుపెట్టింది. ఇతను టోఫు కొట్టాయన. ఇది బడి పంతులు. ఇతనూ వెళ్లాడు, రాలేదు. ఈ ఇంటి ముందు కుక్క ఉండేది, నాకు భయం. గంటకు పైగా అలా సాగింది. నేను తర్జుమా చేయడం మానేశాను, మా మిత్రుడూ అడగలేదు. కొడుకు మాత్రం గబగబా కాగితం మీద రాసుకుంటున్నాడు.

యుద్ధం అయ్యాక వాళ్లకు తెల్లగుడ్డ చుట్టిన పెట్టె ఇచ్చారట. తెరిస్తే గులకరాయి. దాన్నే సమాధిలో పెట్టారు. మనవైపు శవం దొరకకపోతే దర్భలతో మనిషిని చేసి దహనం చేస్తారు కదా, ఆ రాయీ అలాంటిదే. జపాన్ బయట చనిపోయినవారు దాదాపు 24 లక్షలు, వాళ్లలో 11 లక్షలమందికి పైగా అస్థికలు ఇప్పటికీ తిరిగి రాలేదు.

ఆవిడ నన్నడిగింది ఒక్కటే. "అన్నయ్య ఆకలితో పోయాడంటారు, నిజమేనా?" నాకు నోట మాట రాలేదు. తకదా కుర్రాళ్ల 58వ రెజిమెంట్ మూడు వారాల తిండితో బర్మాలోని చింద్విన్ నది దాటింది. ఏప్రిల్ మొదట్లో కోహిమా చేరాక మరి సరుకు అందలేదు. మే నెలాఖరుకు సాతో కోతోకు అనే డివిజన్ కమాండర్ పైవాళ్ల ఆజ్ఞ కాదని దళాన్ని వెనక్కి తిప్పాడు. వానల్లో, ఆ దారిలో ఆకలికీ రోగాలకూ పోయినవాళ్లు లెక్కలేనంతమంది. ఇవన్నీ మెల్లగా చెప్పాను. ఏ రోజు, ఎలా పోయాడో మాత్రం తెలియదన్నాను.

నేను కోహిమా చూశానని తెలిసి అక్కడ ఏం పండుతుందని అడిగింది. వరే, కొండల మీద మెట్లు మెట్లుగా వేస్తారన్నాను. వరి రైతు బిడ్డ కదా, చాలాసేపు తలూపింది. తర్వాత, "మరి మావాళ్లు అక్కడి బియ్యం తినేస్తే ఆ ఊళ్లవాళ్లు ఏం తిన్నారు?" అంది. నాగా పల్లెల్లో ధాన్యం, పశువులు పోయాయనీ, ఇళ్లు తగలబడ్డాయనీ ఉన్నదున్నట్టు చెప్పాను. ఆవిడ కొడుకు వైపు తిరిగి, నువ్వు ఒకసారి వెళ్లి రావాలి అంది.

మమ్మల్ని తినకుండా కదలనివ్వలేదు. బియ్యం రేటు మండిపోతున్న ఏడాదిలో ఆవిడ మూడోసారి వడ్డించింది, నేను వద్దనలేదు. కొడుకు నవంబరు అనుకుంటున్నాడు. గువాహటి మీదుగా దిమాపూర్, అక్కడి నుంచి కారులో కోహిమా. ఏ మలుపులో కడుపు తిప్పుతుందో, యుద్ధ శ్మశానానికి ఎటు నడవాలో అన్నీ రాసిచ్చాను. పల్లెల్లోకి వెళ్లేటప్పుడు ఎవరినైనా తోడు తీసుకెళ్లమని కింద గీత గీశాను.