సెకండ్ వయొలిన్స్‌లో చివరి స్టాండ్: టెక్సాస్ స్కూల్ ఆర్కెస్ట్రాలో నా అనుభవం

విజయనగరంలో ఐదేళ్లు కర్ణాటక సంగీతంలో వయొలిన్ నేర్చుకున్నాను. నాన్నగారి ఉద్యోగం వల్ల డాలస్ దగ్గరికి వచ్చి తొమ్మిదో తరగతిలో చేరాను. అక్కడ ఆర్కెస్ట్రా అంటే లెక్కలు, సైన్సు లాగే ఒక క్లాసు, గ్రేడ్లు కూడా ఉంటాయి. టెక్సాస్‌లో హైస్కూల్ పూర్తవ్వాలంటే ఫైన్ ఆర్ట్స్‌లో ఒక క్రెడిట్ కావాలి, అది దీంతో వచ్చేస్తుందని అమ్మ ఒప్పుకుంది. నాకు వర్ణాలు, కృతులు వచ్చు కాబట్టి ముందు వరసలో కూర్చోబెడతారనే అనుకున్నాను. ఎవరు ఎక్కడ కూర్చోవాలో తేల్చే ఛైర్ టెస్ట్ అయ్యాక లిస్టులో నా పేరు సెకండ్ వయొలిన్స్ అనే రెండో గుంపులో, అందరికన్నా వెనక చివరి స్టాండ్ (స్వరాల కాగితం పెట్టుకునేది) దగ్గర ఉంది. ఆ రాత్రి బాగా ఏడ్చాను.

కానీ టెస్ట్ పెట్టినవాళ్ల తప్పేం లేదు. మనం నేల మీద కూర్చుని, వయొలిన్ తలని కుడి పాదం మీద ఆనించి వాయిస్తాం, ఎడమ చెయ్యి తీగ మీద హాయిగా జారుతుంది. అక్కడ కుర్చీలో నిటారుగా కూర్చుని గడ్డం కింద పట్టుకోవాలి. మన శ్రుతి స ప స ప, వాళ్లది జి, డి, ఏ, ఈ. గురువుగారు పాడితే విని పట్టుకోవడమే తప్ప కాగితం చూసి వాయించడం నాకు రాదు. అన్నిటికన్నా కష్టమైంది గమకం మానడం. అందరూ ఒక స్వరం మీద సూటిగా దిగుతుంటే నా వేలు మాత్రం కింది నుంచి జారుకుంటూ వెళ్లేది, అది గది చివరి వరకూ తెలిసేది. మా టీచర్ కోప్పడలేదు. "పక్కనున్న వయొలిన్ నీకు వినిపించడం లేదంటే నువ్వు గట్టిగా వాయిస్తున్నావని అర్థం" అన్నారు, అంతే.

ఆ పక్క వయొలిన్ నాకన్నా ఒక క్లాసు పెద్దమ్మాయిది. ఒక స్టాండ్‌కి ఇద్దరం, ఒకటే కాగితం. ప్రేక్షకుల వైపు కూర్చున్నవాళ్లు ఆపకుండా వాయిస్తుంటే లోపలివాళ్లు పేజీ తిప్పాలి. తిప్పేది నేను. మొదట్లో రెండు మూడుసార్లు ఆలస్యం చేస్తే, తను పేజీ కింది మూల కాస్త మడిచి, చివరి వరస కన్నా రెండు బార్ల (తాళం లెక్కలో ఒక్కో గడిని బారు అంటారు) ముందు పెన్సిల్‌తో చిన్న గీత పెట్టింది. అక్కడికి రాగానే నేను కమాను దించి మూల పట్టుకునేదాన్ని. బౌయింగ్ గుర్తులు కూడా తనే నేర్పింది: కమాను కిందికి లాగాలంటే అడుగు లేని చిన్న డబ్బా, పైకి తొయ్యాలంటే వీ. ముందు స్టాండ్‌లో ఏదైనా మారిస్తే అది ఒక్కో స్టాండ్ దాటుకుని వెనక్కి వచ్చేది, మేం రాసుకునేవాళ్లం. అందరి కమానులూ ఒకేసారి పైకి లేవాలి. పెన్సిల్ లేకుండా రిహార్సల్‌కి రావడం అక్కడ పెద్ద తప్పు.

ఆ ఏడాది హోల్స్ట్ అనే ఇంగ్లీషు స్వరకర్త రాసిన సెయింట్ పాల్స్ సూట్ అనే సంగీతం ఇచ్చారు. ఆయన లండన్‌లో తాను పాఠాలు చెప్పిన ఆడపిల్లల స్కూలు ఆర్కెస్ట్రా కోసం 1912-13లో రాశారట. అందులో రెండో భాగం మొదలయ్యేది సెకండ్ వయొలిన్స్‌తోనే. ఒకే చిన్న స్వరాల ముక్కని తిప్పి తిప్పి వాయిస్తుంటే దాని మీదికి ఒంటరి వియోలా (వయొలిన్ కన్నా కాస్త పెద్దది) పాట వస్తుంది. మేం కొంచెం తొందరపడితే వియోలా ఊపిరాడనట్టు అయిపోతుంది. చివరి భాగంలో ఒకచోట వయొలిన్లు బారుకి రెండు దెబ్బలతో గెంతుతుంటే చెల్లోలు (ఇంకా పెద్ద, లోతైన గొంతు వాద్యాలు) అదే బారులో మూడు దెబ్బలతో వేరే పాట ఎత్తుకుంటాయి. అందరూ తడబడ్డ చోట నాకు తిశ్రం (మూడేసి లెక్క) ఆదుకుంది, రెండు మూళ్లు, మూడు రెళ్లు, లెక్క ఆరే కదా అని మోకాలి మీద వేళ్లతో వేసి చూపించాను. ఆ రోజు నుంచి నా స్టాండ్ పార్ట్‌నర్ కూడా వాయించకుండా ఆగే రెస్ట్ బార్లు అలాగే లెక్కపెట్టేది.

వసంతంలో యూఐఎల్ (టెక్సాస్ స్కూళ్లకి పోటీలు పెట్టే సంస్థ) పోటీ. స్టేజి మీద మూడు ముక్కలు ముగ్గురు జడ్జిల ముందు వాయిస్తాం, అది బాగానే జరిగింది. అసలు టెన్షన్ తర్వాతి గదిలో, సైట్ రీడింగ్‌లో. అంతవరకూ ఎవరూ చూడని సంగీతం చేతికిస్తారు, టీచర్ కొన్ని నిమిషాలు వివరిస్తారు, అప్పుడు మనం తీగ మోగించకూడదు, వేళ్లు మాత్రం కదుపుకోవచ్చు. మధ్యలో నేను దారి తప్పాను. భయపడి గట్టిగా వాయించడం నా పాత అలవాటు. ఆ రోజు కమాను ఆపి బాస్‌లు (అన్నిటికన్నా లోతుగా మోగే పెద్ద వాద్యాలు) విన్నాను, అవి ఎక్కడున్నాయో తెలిసింది, తర్వాతి బారులో మెల్లగా కలిసిపోయాను. స్టేజికీ సైట్ రీడింగ్‌కీ రెండింటికీ ఒకటో రేటింగే వచ్చింది, అక్కడ ఒకటే అన్నిటికన్నా పైది. బస్సెక్కేవరకూ ఎవరం కూర్చోలేదు.

ఆ వేసవిలో విజయనగరం వెళ్లాను. గురువుగారు గాత్రం నేర్చుకునే ఒకమ్మాయిని పిలిచి నన్ను పక్కవాద్యం వాయించమన్నారు. ఇంతకుముందు ఎవరికి వాయించినా నాకొచ్చిన సంగతులన్నీ (ఒకే వరసని మార్చి మార్చి వాయించే తీరులు) పాట మీద కుమ్మరించేదాన్ని. ఈసారి తన గొంతు నాకు పూర్తిగా వినిపించేంత తగ్గించి వాయించాను. ఒకే సాహిత్య పంక్తిని రకరకాలుగా పాడే నెరవులో తను ఒకచోట ఆగి ఆలోచించుకుంటుంటే నేనూ ఆగాను, తను ఎత్తుకున్నాకే అందుకున్నాను. గురువుగారు ఏమీ అనలేదు. శ్రుతిపెట్టె ఆపకుండానే, "ఇంకో కీర్తన పాడమ్మా" అన్నారు.