కృష్ణకూ పెన్నకూ మధ్య గండి: నాలుగు బోర్డుల క్లస్టర్, ఆరో వారం

34.9 గిగాఫ్లాప్స్, అంటే సెకనుకు 3,490 కోట్ల లెక్కలు! నిన్న రాత్రి ఒంటిగంటన్నరకు తెర మీద ఈ అంకె పడగానే కుర్చీలోంచి లేచి గదిలో రెండు చుట్లు తిరిగాను. పదకొండు రోజులుగా క్లస్టర్‌గా కలిపిన ఇవే నాలుగు చిన్న కంప్యూటర్ బోర్డులు, ఇదే లెక్క, 13.7 దగ్గరే చతికిలబడ్డాయి. ఒంటరిగా నడిపితే ఒక్కో బోర్డు 12.2 ఇస్తుంది. నలుగురు కలిసి పట్టినా ఒక్కడు మోసే బరువే లేస్తోందంటే నిద్ర ఎలా పడుతుంది?

బాగా జరిగినవి ముందే చెప్పేస్తాను. నాలుగో బోర్డు (రాస్ప్‌బెర్రీ పై 4) వచ్చింది, ‘మంజీర’ అని పేరు పెట్టాను. మిగతా మూడు బోర్డులు కృష్ణ, గోదావరి, పెన్నల సరసన చేరింది. ఫ్యాన్లు మార్చాక, బయట 41 డిగ్రీల ఎండ ఉన్న రోజు కూడా చిప్ వేడి 68 దాటలేదు. పాడైన పెన్న మెమరీ కార్డు తీసేసి కొత్తది రాశాను. ఈ చివరి మాట గుర్తుంచుకోండి, దానితో పని ఉంది.

ఇక అసలు గొడవ. నడుపుతున్నది హెచ్‌పీఎల్, అంటే పెద్ద సమీకరణాల గుంపును పరిష్కరించి యంత్రాల వేగం కొలిచే లిన్‌ప్యాక్ పరీక్ష. ఎన్ (మాత్రిక కొలత) 40,000, ఎన్‌బీ (ఒక్కో అడుగులో తీసుకునే ముక్క వెడల్పు) 192, గ్రిడ్ (బోర్డుల అమరిక) 2×2. బోర్డుకు ఒకే ఎంపీఐ (బోర్డులు ఒకదానికొకటి సందేశాలు పంపుకునే పద్ధతి) ప్రాసెస్, లోపల ఓపెన్‌బ్లాస్ (మాత్రికల లెక్కలు చేసే లైబ్రరీ) నాలుగు త్రెడ్లు. మాత్రిక మొత్తం 12.8 జీబీ, బోర్డుకు 3.2 జీబీ. మూడు బోర్డులున్నప్పుడు 27.4 వచ్చేది కాబట్టి నాలుగింటికి 35 దాకా వస్తుందని లెక్క వేసుకున్నాను. ఇరవై నిమిషాల్లో ముగియాల్సిన పని 52 నిమిషాలు పట్టింది. జవాబు మాత్రం సరైనదే, చివరి తనిఖీ ప్రతిసారీ నెగ్గుతోంది. తప్పు జవాబు వచ్చి ఉంటే వెతకడం సులువయ్యేది.

మొదటి అనుమానం కరెంటు మీద. వోల్టేజీ పడితే ఈ బోర్డు గడియారం వేగాన్ని తనంతట తానే తగ్గించుకుంటుంది. థ్రాటిల్ సూచిక నాలుగింటిలోనూ సున్నా, గడియారం 1500 మెగాహెర్ట్జ్ నుంచి కదల్లేదు. బోర్డుకొక అధికారిక 5.1 వోల్టుల ఛార్జర్ పెట్టిన ఖర్చు ఇక్కడ పనికొచ్చింది. ఒకే పెట్టెలో ఆరు యూఎస్‌బీ పోర్టులుండే ఛార్జర్లతో క్లస్టర్ నడపవద్దని ఎవరు అడిగినా చెబుతాను. అన్నీ ఒకేసారి పూర్తి బరువెత్తినప్పుడు వాటి అసలు సంగతి బయటపడుతుంది.

రెండో అనుమానం తీగల మీద. నాలుగు బోర్డులంటే ఆరు జతలు. ఆరింటికీ ఐపెర్ఫ్ (నెట్‌వర్క్ వేగం కొలిచే సాధనం) నడిపాను. 938 నుంచి 941 మెగాబిట్ల మధ్య వచ్చాయి, ఒక్క ప్యాకెట్ కూడా తిరిగి పంపాల్సిన అవసరం రాలేదు. అయినా కేబుళ్లన్నీ మార్చాను, స్విచ్‌లో పోర్టులు మార్చాను. ఫలితం 13.7, 13.5, 13.8.

మూడో అనుమానం మంజీర మీద. కొత్తగా వచ్చినవాళ్ల మీదే కదా ముందు నింద పడేది! దాన్ని విడిగా రాత్రంతా నడిపించాను. పన్నెండు సార్లూ 12.2 ఇచ్చింది. పాపం, దానికి ఏ జబ్బూ లేదు.

దారి చూపింది ఒక పొరపాటు. ఆరో రోజు, బోర్డుల పేర్లు వరుసగా ఉండే హోస్ట్‌ఫైల్‌ను మళ్లీ రాస్తూ చివరి రెండు పేర్లను తారుమారు చేశాను: కృష్ణ, గోదావరి, మంజీర, పెన్న. ఆ పరుగు 34.6 ఇచ్చింది! ఏదో దానంతట అదే బాగుపడిందనుకుని, పేర్లు పాత వరుసలో పెడితే మళ్లీ 13.7. కృష్ణ, పెన్న, గోదావరి, మంజీర అని రాస్తే 16.9, అంటే 42 నిమిషాలు. అవే బోర్డులు, అదే స్విచ్, అదే లెక్క. మారింది పేర్ల వరుస ఒక్కటే.

దీని మీద రెండు రోజులు కాగితం, పెన్సిలు పట్టుకుని కూర్చున్నాను. 2×2 గ్రిడ్‌లో మొదటి రెండు పేర్లు పై అడ్డువరుస, తరువాతి రెండు కింది అడ్డువరుస. హెచ్‌పీఎల్‌లో ప్యానెల్ (ఆ అడుగులో లెక్క పూర్తయిన ముక్క) పంపకం అడ్డువరుసలో జరుగుతుంది. పివట్ (ఆ అడుగులో భాగించడానికి ఎంచుకునే పెద్ద సంఖ్య) వెతకడం, మాత్రిక వరుసల మార్పిడి నిలువువరుసలో జరుగుతాయి. ఎదురెదురు మూలల్లో ఉన్నవాళ్లకు ఒకరితో ఒకరికి దాదాపు మాటలే ఉండవు. 34.6 వచ్చిన వరుసలో మూలకు మూలగా పడింది కృష్ణ, పెన్న. మిగతా రెండు వరుసల్లోనూ వాళ్లిద్దరూ పక్కపక్కన గానీ పైనాకిందా గానీ ఉన్నారు. ఆ ఇద్దరూ మాట్లాడుకోనప్పుడే క్లస్టర్ పరుగెత్తుతోంది.

అప్పుడు ముప్పై వరుసల చిన్న సి ప్రోగ్రాం రాశాను. రెండు బోర్డుల మధ్య ఎంపీఐ సందేశాన్ని అటూ ఇటూ బంతిలా విసరడమే దాని పని. 64 కిలోబైట్ల వరకు ఆరు జతలూ ఒకే తీరు. 128 దగ్గర కృష్ణ–పెన్న జత కుప్పకూలింది. 30 మెగాబైట్ల సందేశం మిగతా అయిదు జతల మధ్య 0.27 సెకన్లలో చేరుతుంటే, ఈ జత మధ్య 9.8 సెకన్లు. కానీ ఇదే జతకు ఐపెర్ఫ్‌లో 940 మెగాబిట్లు వస్తున్నాయి. తీగ ఆరోగ్యంగా ఉంది, దాని మీద నడిచే ఎంపీఐకి మాత్రం జబ్బు. నన్ను ఇంతగా వేధించిన వైరుధ్యం ఈ మధ్య కాలంలో ఇంకొకటి లేదు.

నిన్న రాత్రి గదిలో దీపం ఆర్పి, హెచ్‌పీఎల్ నడుస్తుండగా స్విచ్ ముందు కూర్చున్నాను. నాలుగు ఆకుపచ్చ దీపాలు గబగబా మినుకుమని, ఒక్కసారిగా నాలుగూ నిలిచిపోయాయి. ఒకటి, రెండు, మూడు అని లెక్కపెట్టుకున్నాను. తొమ్మిది దాకా కదలిక లేదు. మళ్లీ ఒక క్షణం గబగబా, మళ్లీ నిశ్శబ్దం. ఆ నిశ్శబ్దంలో కృష్ణ మీద ఒక కోర్ మాత్రమే వంద శాతం చూపిస్తోంది, మిగతా మూడూ ఖాళీ. ఆ ఒక్కటీ పని చేస్తున్నట్టు కాదు. నేను వాడే ఎంపీఐ సాఫ్ట్‌వేర్, ఓపెన్ ఎంపీఐ, సందేశం కోసం ఎదురుచూసేటప్పుడు కోర్‌ను వదలకుండా అడుగుతూనే ఉంటుంది. చిప్ వేడి 66 నుంచి 53కు దిగింది. అంటే ఏదో ఒక సందేశం దారిలో ఉంది, కానీ ఆ దారి ఈ స్విచ్ కాదు.

స్విచ్ కాకపోతే ఇంకేముంది? కృష్ణలో ఇంటర్‌ఫేస్‌ల బైట్ల లెక్క తీశాను. వైఫై వరుసలో 1.2 జీబీ పంపినట్టు, 1.1 జీబీ అందుకున్నట్టు ఉంది. ప్యాకేజీలు దించుకోవడానికి కృష్ణకు మొదటి నుంచీ వైఫై ఉంది. పెన్నకు కొత్త కార్డు రాసినప్పుడు, కార్డు రాసే సాఫ్ట్‌వేర్ గుర్తుపెట్టుకున్న పాత అమరికలతో పాటు వైఫై వివరాలూ ఎక్కేశాయి. మంజీర వచ్చింది కూడా ఆ రోజే, అందుకే నింద దాని మీద పడింది. గోదావరి, మంజీరలకు వైఫై లేదు. రెండు దారులున్న జత కృష్ణ–పెన్న ఒక్కటే!

ఓపెన్ ఎంపీఐ, మనం వద్దనకపోతే, ఇద్దరి మధ్య ఎన్ని దారులుంటే అన్నీ వాడుకుంటుంది. చిన్న సందేశాలు ఒక దారిన వెళతాయి, పెద్దవాటిని ముక్కలు చేసి అన్ని దారులకూ పంచుతుంది. నేను ఐపెర్ఫ్‌కు తీగ చిరునామా ఇచ్చాను కాబట్టి అది తీగనే కొలిచింది. బోర్డులున్నది ఇనుప బీరువా పక్కన, రౌటర్ హాల్లో, మధ్య గోడ. ఆ వైఫైని కొలిస్తే 11 మెగాబిట్లు, అంటే సెకనుకు 1.4 మెగాబైట్లు. 30 మెగాబైట్లలో సగానికి కాస్త తక్కువ అటు వెళితే 9.8 సెకన్లు సరిగ్గా సరిపోతుంది. హెచ్‌పీఎల్ మొదటి ప్యానెల్ కూడా దాదాపు అంతే ఉంటుంది. కృష్ణ, పెన్న పక్కపక్కనున్న 16.9 పరుగులో ఇలాంటి అడుగులు 209, మాత్రిక కరిగేకొద్దీ సందేశాలూ చిన్నవవుతాయి కాబట్టి సగటున అడుగుకు అయిదు సెకన్లు వేసినా వెయ్యి సెకన్లు దాటుతుంది. ఆ పరుగులో నేను పోగొట్టుకున్నది దాదాపు 1300. పేర్ల పాత వరుసలో పోయిన 1900 మాత్రం మాత్రిక వరుసల మార్పిడిదని నా ఊహ, ఇంకా కొలవలేదు.

మందు ఒక్క వరుస. అమరికల ఫైల్లో ‘బీటీఎల్ టీసీపీ ఇఫ్ ఇన్‌క్లూడ్’ అనే పరామితికి తీగ నెట్‌వర్క్ మాత్రమే ఇచ్చాను. పేర్లు పాత వరుసలోనే ఉంచి నడిపితే 20 నిమిషాల 23 సెకన్లకు 34.9.

దీనికి ఓపెన్ ఎంపీఐని తప్పు పట్టను. అదే పని చేసే మరో సాఫ్ట్‌వేర్ ఎంపీఐసీహెచ్‌కు మారమని చాలామంది అంటారు, నేను మారను. అడిగితే ఇది తన ప్రతి నిర్ణయాన్నీ కక్కేస్తుంది, అడగడం ఆలస్యం చేసింది నేను. రెండు దారులకు పంచడమనే ఆలోచన కూడా గొప్పదే. 1994లో నాసా గొడార్డ్ కేంద్రంలో థామస్ స్టెర్లింగ్, డొనాల్డ్ బెకర్ మొదటి బియోవుల్ఫ్ క్లస్టర్‌ను కట్టినప్పుడు, 16 యంత్రాల మధ్య 10 మెగాబిట్ల ఈథర్నెట్ దారులను జోడించి సరిగ్గా ఇదే చేశారు. వాళ్ల దారులు సమానమైనవి. ఎద్దునూ దూడనూ ఒకే కాడికి కడితే దూడ నడకే నడక.

ఇప్పుడు కన్ను 59.7 మీద ఉంది. 1993 జూన్‌లో వెలువడిన మొదటి టాప్500 జాబితాలో (ప్రపంచంలోని అత్యంత వేగవంతమైన 500 కంప్యూటర్ల జాబితా) అగ్రస్థానం అమెరికాలో లాస్ అలమోస్‌లోని సీఎం-5 సూపర్‌కంప్యూటర్‌ది. 1024 ప్రాసెసర్లతో అది ఇదే లిన్‌ప్యాక్‌లో సాధించింది 59.7 గిగాఫ్లాప్స్. నా బోర్డు వంతు ఇప్పుడు 8.7. ఎనిమిది బోర్డులు పెట్టి, వంతు 7.5కు పడిపోయినా 60 వస్తుంది. ఏడుతో ప్రయత్నించను, ఏడుకు 1×7 తప్ప గ్రిడ్ లేదు. ఎనిమిదికి 2×4 చక్కగా కుదురుతుంది. అంతకుముందు ఎన్‌బీని 128తోనూ 256తోనూ చూడాలి, ప్యానెల్ పంపే పద్ధతులు అన్నీ ఒకసారి తిప్పి చూడాలి. లిన్‌ప్యాక్ ఒక్కటే నడిపితే తృప్తి ఉండదు కాబట్టి, వేడి ప్రసరణ సమీకరణానికి నా సొంత ఎంపీఐ ప్రోగ్రాం సగం రాసి ఉంచాను, అంచుల మార్పిడి దగ్గర ఆగింది.

చిక్కు ఒకటే: స్విచ్‌కు పోర్టులు ఎనిమిది. ఎనిమిది బోర్డులు కూర్చుంటే రౌటర్ తీగకు చోటు లేదు. పెన్న వైఫైని నిన్ననే పూర్తిగా తీసేశాను. కృష్ణది మాత్రం ఉండనిస్తాను, కొత్త ప్యాకేజీలు ఆ దారినే వస్తాయి.